అమ్మ రైలెక్కాలి

మా తెనాలిలో పొద్దున్నే కాలువగట్టు మీద నడిచేవాళ్ళని ఏడాది పొడుగునా చూస్తూ ఉంటాను. జనవరి మొదటి వారంలో గట్టు నిండిపోతుంది. కొత్త బూట్లు, కొత్త ట్రాక్ ప్యాంట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీలు. సంక్రాంతి అరిసెలు అయిపోయేసరికి సగం మంది ఉంటారు. శివరాత్రికి మిగిలేది పాతకాపులే. మానేసినవాళ్ళలో బద్ధకస్తులు నాకైతే కనబడరు. బళ్ళో నాతోపాటు పాఠాలు చెప్పేవాళ్ళు, బోసురోడ్డులో కొట్లు నడిపేవాళ్ళు, నాలుగింటికే లేచి పాలు పోసేవాళ్ళు. పగలంతా అంత చాకిరీ చేసేవాళ్ళకి అరగంట నడక నెల తిరక్కుండానే ఎందుకు బరువైపోతుంది? చాలాకాలం ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు రేపల్లెలో మా అమ్మ దగ్గర దొరికింది.

నాన్న పోయాక అమ్మ రేపల్లె ఇల్లు వదిలి రానంది. నేను తెనాలిలో, చెల్లెలు బాపట్లలో. రేపల్లెలో ఎక్కిన ప్యాసింజరు భట్టిప్రోలు, వేమూరు దాటుకుని తెనాలి చేరుతుంది. ఆ లైను 1916 నాటిది. తెనాలి స్టేషన్లో వంతెనెక్కి దిగి చెన్నై వైపు పోయే బండి పట్టుకుంటే బాపట్ల. బస్సులూ ఉన్నాయి గానీ బస్సెక్కితే అమ్మకి కడుపులో తిప్పుతుంది. చిన్నకూతురి ఇంటికి వెళ్ళాలంటే ఆవిడకి రైలే గతి.

ఒకరోజు పెరట్లో తులసికోట దగ్గర కాలు జారి కూలబడింది. ఎముక విరగలేదు, పెద్ద దెబ్బ కూడా కాదు. లేవలేకపోయింది, అంతే. పక్కింటమ్మాయి వచ్చేదాకా ఆ తడినేల మీద అలాగే కూర్చుని ఉందట. ఆ రోజు నుంచి పెరట్లోకి వెళ్ళడం మానేసింది. తర్వాత వీధి గుమ్మం దాటడం మానేసింది. తర్వాత బాపట్ల మాట ఎత్తడం మానేసింది. పడ్డ దెబ్బ వారంలో తగ్గింది. పడతానేమో అన్న భయం మటుకు ఇంట్లో తిష్ఠవేసి, ఆవిడ తిరిగే చోటల్లా ఒక్కొక్కటిగా లాగేసుకుంది.

డాక్టరు చూసి "కండ తరిగిపోతోందమ్మా, వ్యాయామం చేయించండి" అన్నాడు. వయసుతో కండ కరిగిపోవడానికి వైద్యులు సార్కోపీనియా అంటారు. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పెట్టిన పేరది. అంతకుముందు దాన్ని ముసలితనం అని వదిలేసేవాళ్ళు. ఆ మరుసటి ఏడే బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలి బృందం ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ళ వయసున్న పదిమంది చేత 8 వారాలు కాళ్ళతో బరువులెత్తించింది. చివరిదాకా చేసినవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళ కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటి పెరిగింది. తొంభైలో కూడా కండ మాట వింటుందన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చి అమ్మకి ఫోన్లో చెప్పాను. ఆవిడ అంతా విని, "తొంభై ఏళ్ళవాళ్ళా? పాపం, వాళ్ళకి అన్నేసి బరువులు ఎత్తి చేయాల్సిన పనేముందే?" అంది.

ఆ ప్రశ్న దగ్గరే అంతా ఉంది. ఫిజియోథెరపీ చేసే కుర్రాడొకడు ఇంటికి వచ్చి కాలు చాపమంటే, ముడవమంటే, మడమ పైకెత్తమంటే ప్రతిదానికీ అమ్మది ఒకటే మాట: "అబ్బాయ్, ఇది దేనికి?" "మోకాలి చుట్టూ కండ గట్టిపడుతుంది మామ్మగారూ" అంటే తలూపేది. అతను గేటు దాటగానే మానేసేది. షుగరు తగ్గుతుందని నేను చెప్పాను, బీపీ తగ్గుతుందని చెల్లెలు చెప్పింది. ఆవిడ కళ్ళకి షుగరు కనబడదు, బీపీ కనబడదు. కనబడనిదాని కోసం రోజూ నొప్పి ఓర్చుకోమంటే ఎవరు ఓర్చుకుంటారు?

ఆ కుర్రాడు తెలివైనవాడు. రెండోవారమో మూడోవారమో, వచ్చీ రాగానే మంచం పక్కన కూర్చుని, "మామ్మగారూ, మీకు ఎక్కడికన్నా వెళ్ళాలనుందా?" అని అడిగాడు.

"బాపట్ల. చిన్నదాని ఇంటికి. అలాగే భావనారాయణస్వామి దర్శనం చేసుకుని చాలా ఏళ్ళయింది."

"ఎలా వెళ్తారు?"

"రైల్లో."

"అయితే రైలెక్కడం మొదలుపెడదాం."

ప్యాసింజరు బండి ఎక్కడమంటే ఏమిటో అప్పుడు ముగ్గురం కూర్చుని విడదీసి చూశాం. ప్లాట్‌ఫారం పల్లంగా ఉన్నచోట మొదటి మెట్టు దాదాపు మోకాటి ఎత్తు. ఒక కాలు అంత ఎత్తు లేవాలి. ఒంటి బరువంతా ఆ ఒక్క కాలి మీద మోపి పైకి రావాలి. చేత్తో కడ్డీ పట్టుకోవాలి, పట్టు జారకూడదు. భుజానికి సంచీ. వెనక తోసేవాళ్ళు. లోపల బండి కదులుతుంటే తూలకుండా సీటు దాకా నడవాలి. కిటికీ పక్క సీట్లోంచి ఒకరి సాయం లేకుండా లేవాలి. తెనాలిలో వంతెన మెట్లు ఎక్కాలి, దిగాలి. మోకాళ్ళకి ఎక్కడం కన్నా దిగడం కష్టమని అమ్మే చెప్పింది. అది నిజం. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే ఒంటి బరువు ఆపాలి. ఆ పని దానికి నేర్పకపోతే మోకాలు వణుకుతుంది.

అంతవరకూ పేరులేని కసరత్తులన్నిటికీ ఆ పూట పేర్లొచ్చాయి. కుర్చీలోంచి లేవడం "సీటులోంచి లేవడం" అయింది. మొదట కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు చేసుకుని చేతులతో ఊతం తీసుకుని లేచేది. తర్వాత ఒక దిండు తీసేశాం. తర్వాత రెండోది. ఆ తర్వాత చేతులు రెండూ గుండెలకి కట్టుకుని లేవడం. సొంత వీధి మెట్టు ఎక్కి దిగడం "వంతెన" అయింది. పక్కింటివాళ్ళ వీధరుగు పాతకాలపుది, ఎత్తుగా ఉంటుంది. అది "రైలు మెట్టు". స్తంభం కడ్డీ అయింది. పిండిన తడి తువ్వాలు మరోసారి చుక్క కారకుండా పిండటం పట్టు కోసం. సాయంత్రం ఆరింటికి ఆ అరుగు దగ్గర అమ్మ నిలబడితే వీధిలో పిల్లలు చేరేవాళ్ళు. "మామ్మా, బండొచ్చింది, ఎక్కు ఎక్కు" అని ఒకటే గోల. వాళ్ళని విసుక్కుంటూనే ఎక్కేది. ఫిజియో అబ్బాయి రాని రోజుల్లో కూడా ఎక్కేదని వాళ్ళే నాకు చెప్పారు.

ఇంకొకటి కూడా నేర్పాడు, నాకు అన్నిటికన్నా విలువైందిగా తోచింది: పడితే ఎలా లేవాలి. చాప మీద పడుకోబెట్టి మొదలుపెట్టించాడు. కంగారుపడి వెంటనే లేవబోకూడదు. ముందు పక్కకి ఒత్తిగిలాలి. మోచేతి మీద బరువు మోపి ఒళ్ళు లేపి, మోకాళ్ళ మీదికి రావాలి. అలాగే పాకుతూ దగ్గరున్న కుర్చీ దాకానో మంచం దాకానో వెళ్ళి రెండు అరచేతులూ దాని మీద ఆనించాలి. బలమైన కాలు ముందుకు వేసి పాదం నేలకి పూర్తిగా తాకించి, అప్పుడు పైకి లేచి, తిరిగి అదే కుర్చీలో కూర్చోవాలి. సాయం చేసేవాళ్ళు చంకల్లో చేతులు పెట్టి గుంజకూడదు, కుర్చీ దగ్గరికి జరపాలి. అమ్మ మొదటిసారి తనంతట తాను నేల మీంచి కుర్చీలోకి చేరిన రోజున ముఖంలో వచ్చిన ధీమా నేను ఎన్నడూ మరవను. మర్నాడు పొద్దున్నే తులసికోటకి నీళ్ళు పోయడానికి పెరట్లోకి వెళ్ళింది.

అమ్మని చూశాక నాకూ అదే ప్రశ్న మొదలైంది. నేను దేనికి? మాది మారీస్‌పేటలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. బియ్యం బస్తా 25 కిలోలు. గ్యాస్ బండలో గ్యాసు 14.2 కిలోలయితే, ఇనుముతో కలిపి నిండు బండ దరిదాపు 30 కిలోలు. ఇవన్నీ ఎవరో ఒకరు పైకి తెచ్చిపెట్టాలి, వాళ్ళ కోసం కాచుకుని ఉండాలి. నాకు యాభై దాటాయి. రేపు అమ్మని మంచం మీంచి కుర్చీలోకి దించాల్సి వస్తే ఆ చేతులు నావే కావాలి. అందుకని నేను పెట్టుకున్న లక్ష్యం తేలిక మాటల్లో చెప్పాలంటే ఇది: బియ్యం బస్తా కింద నుంచి పైకి, ఒక్కదాన్నే, నడుం పట్టకుండా.

గురువు మా వీధి చివర బియ్యం కొట్లో దొరికాడు. అరవై దాటిన హమాలీ. కుర్రతనంలో రైసుమిల్లులో 75 కిలోల ధాన్యం బస్తాలు మోసినవాడు. "బాబాయ్, బస్తా ఎలా ఎత్తాలో చెప్పవా?" అంటే నవ్వకుండా, తప్పుకోకుండా చెప్పాడు. "ముందు బస్తాకి దగ్గరగా రండమ్మా. కాళ్ళు ఎడంగా పెట్టండి. వంగొద్దు, కూర్చోండి. నడుం నిటారుగా ఉండాలి. బస్తా పొట్టకి ఆనించుకోండి, ఒంటికి దూరమయ్యే కొద్దీ దాని బరువు పెరుగుద్ది. ఇప్పుడు ఊపిరి బిగబట్టి కాళ్ళతో లేవండి. తిరగాలంటే పాదాలు తిప్పండి, నడుం మెలితిప్పారంటే ఇక అంతే." అతని మాటల్లో ఊపిరి బిగబట్టడం ఒక్కటీ నేను మార్చుకున్నాను. నాకు కాస్త బీపీ ఉంది, లేచేటప్పుడు ఊపిరి వదలమని డాక్టరు చెప్పాడు. మిగతాదంతా అక్షరాలా పాటించాను.

సిడ్నీ ఒలింపిక్స్‌లో, 2000లో, మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి కంచు పతకం తెచ్చిన వీడియో మా పిల్లలకి బళ్ళో చూపిస్తుంటాను. ఒకసారి 110, ఇంకోసారి 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆ రోజు హమాలీ బాబాయ్ చెప్పింది విని ఇంటికొచ్చి అదే వీడియో మళ్ళీ చూశాను. ఆవిడ కడ్డీకి ఎంత దగ్గరగా నిలబడుతుందో, నడుం ఎంత నిటారుగా ఉంటుందో, కాళ్ళు ఎలా తన్ని లేస్తాయో అప్పుడు కనబడింది. కొట్లో బస్తా ఎత్తేవాడికీ ఒలింపిక్స్ వేదికకీ విద్య ఒకటే.

బరువులు కొనలేదు. బకెట్ ఉంది, కుళాయి ఉంది. లీటరు నీళ్ళు కిలో బరువు, కాబట్టి ఎంత నింపితే అంత లెక్క. అర బకెట్‌తో మొదలుపెట్టి, నడుం నిటారుగా ఉంచి కూర్చుని లేవడం, చెరో చేత్తో ఒక బకెట్ పట్టుకుని డాబా ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం. కొన్నాళ్ళకి లీటరు పెంచడం. వారంలో రెండు మూడు రోజులే, మధ్యలో విడుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా దగ్గర దగ్గర ఇదే: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండకి బలాన్నిచ్చే పని. 65 దాటినవాళ్ళకి తూలకుండా నిలదొక్కుకునే కసరత్తులు మూడు రోజులైనా ఉండాలంది. మనవాళ్ళు నడక ఒక్కటీ పట్టుకుని రెండో సగం వదిలేస్తారు. నడక గుండెకి మంచిదే, కానీ ఎన్ని కిలోమీటర్లు నడిచినా బస్తా లేవదు, అరుగెక్కే కాలు రాదు. దేనికి సాధన చేస్తే అదే వస్తుంది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా విన్నవాళ్ళు "మా అమ్మమ్మలు పొలం పనులు చేసేవాళ్ళు, వాళ్ళకి వ్యాయామం అక్కర్లేదు" అంటారు. డెల్టాలో పుట్టి పెరిగినదాన్ని, నేను ఒప్పుకోను. శ్రావణంలో వేమూరు వైపు రైల్లో వెళ్తుంటే నాట్లు వేసే ముఠాలు కనబడతాయి. పొద్దున దిగి సాయంత్రం దాకా నడుం వంచి, బురదలో వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నాటుతారు. ఒకే వంపు, వేలసార్లు, విడుపు లేకుండా. అది ఒంటిని అరగదీస్తుంది. ఆ ఆడవాళ్ళ నడుములూ మోకాళ్ళూ యాభైకే ఏమవుతున్నాయో వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూడండి. సాధనలో బరువు కొద్దికొద్దిగా పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, ఒళ్ళు కోలుకుని మరి కాస్త గట్టిపడుతుంది. కూలి పనిలో ఈ మూడూ ఉండవు. నిజానికి వ్యాయామం అందరికన్నా ఎక్కువ అవసరం వాళ్ళకే. రోజంతా వంగే నడుముకి నిటారుగా నిలబెట్టే బలం కావాలి, కిందికే చాచే చేతులకి పైకెత్తే బలం కావాలి. యూరియా బస్తా 50 కిలోల నుంచి 45కి తగ్గించారు 2018లో. కారణం ఏదైనా మోసేవాడికి ఆ 5 కిలోలూ ఊరటే. ఊరూరా ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక పూటైనా ఒక ఫిజియో కూర్చుని, ముఠా మేస్త్రీలకి బరువెత్తే పద్ధతి, నడుం విడుపు నేర్పితే ఎన్ని కాపురాలు నిలబడతాయో! బళ్ళో డ్రిల్లు పీరియడ్‌లో మా పిల్లలకి సంచీ ఎత్తడం, బిందె ఎత్తడం నేను నేర్పడం మొదలుపెట్టాను. రేపు పొలానికి వెళ్ళేవాళ్ళు వాళ్ళలో చాలామంది.

అమ్మకి ఒంట్లో సత్తువ ఎంత పనికొస్తుందో నాకు చిన్నప్పుడే తెలుసు. 1977 నవంబరు 19. దివిసీమని ఉప్పెన ముంచిన రోజు. వేలమంది పోయారు. అప్పుడు మేం రేపల్లెకి దక్షిణాన పల్లెలో ఉండేవాళ్ళం. కెరటం మా దాకా రాలేదు గానీ గాలికి మా పూరింటి కప్పు లేచిపోయింది. వీధిలో మోకాటి లోతు నీళ్ళు. నాన్న ఊళ్ళో లేడు. అమ్మ చెల్లెల్ని చంకన వేసుకుని, రెండో చేత్తో నా జబ్బ పట్టుకుని, ఆ చీకట్లో ఆ గాలిలో పెంకుటి బడి దాకా నడిపించింది. నా జబ్బ మీద ఆవిడ వేళ్ళ గుర్తులు చాలారోజులు ఉన్నాయి. ఆవిడ వ్యాయామం చేసినదని కాదు, అప్పటి ఆడవాళ్ళకి నీళ్ళ బిందెలే బరువులు. కానీ ఆ పట్టు లేకపోతే మేం లేము. ఫ్రాన్సులో జార్జ్ ఎబెర్ అనే నౌకాదళ అధికారి, మనిషి బలపడేది పదిమందికి పనికిరావడానికేనని నమ్మి, నడవడం, పాకడం, ఎక్కడం, మోయడం, ఈదడం మీద తన వ్యాయామ పద్ధతంతా కట్టాడు. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ రాత్రే. సముద్రం పక్కన బతికేవాళ్ళం, తుఫాను మాకు కొత్త కాదు. ఒకరిని పట్టుకుని నడిపించగల చెయ్యి ప్రతి ఇంట్లో ఉండాలని నేను మనసారా అనుకుంటాను.

బాపట్ల ప్రయాణం మాఘమాసంలో పెట్టుకున్నాం. రేపల్లెలో నేను వెనక నిలబడ్డాను గానీ చెయ్యి వేయలేదు, వేయొద్దని అమ్మ ముందే చెప్పింది. కడ్డీ పట్టుకుంది, కుడికాలు పైన వేసింది, ఒక్క క్షణం ఆగి లేచింది. చేపల గంపతో వెనకున్న ఆవిడ, "ఓ చెయ్యెయ్యమ్మా" అని గంప పైకి అందించబోతే, అమ్మ లోపల నుంచి వంగి ఒక అంచు పట్టుకుంది. నా గుండె ఝల్లుమంది, కానీ గంప క్షేమంగా లోపలికి చేరింది. తెనాలిలో వంతెన మీద రెండుచోట్ల ఆగాం. బాపట్లలో గుడి గడప నా చెయ్యి పట్టుకోకుండానే దాటింది. మర్నాడు చెల్లెలి మనవల కోసం సూర్యలంక కూడా వెళ్ళాం. ఇసకలో పది అడుగులు వేసి, "దీనికి మనం తయారవలేదే" అని వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుంది. సరైన మాట. ఇసక కాలి కింద జారుతుంది, చీలమండలకి వేరే సాధన కావాలి.

తిరిగొచ్చాక ఒక సంగతి జరిగింది. అమ్మ అరుగెక్కడం ఆపేసింది. "బాపట్ల వెళ్ళొచ్చాంగా" అంది. నెల తిరిగేసరికి మోకాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. సంపాదించిన బలం దాచుకోవడానికి వీల్లేదు, వాడుతుంటేనే నిలుస్తుంది. కాలువగట్టు మీద జనం తగ్గిపోవడం నాకు అప్పుడు ఇంకా బాగా అర్థమైంది. మొదలుపెట్టడానికి ఒక అవసరం ఉంటే చాలదు, అది తీరగానే దాని వెనక మరొకటి సిద్ధంగా ఉండాలి. అదీ ఎవరికి వాళ్ళే కోరుకున్నది కావాలి. నేను అమ్మకి కోటప్పకొండ అన్నాను, చెల్లెలు తిరుపతి అంది. ఆవిడ రెండూ పక్కన పెట్టింది.

ఆవిడ కోరుకున్నది మా అమ్మాయి పెళ్ళి. వచ్చే వైశాఖంలో ముహూర్తం. అమ్మ ఆ పెళ్ళిలో కుర్చీలో కూర్చోనంటోంది. బంతిలో అందరితోపాటు చాప మీద కూర్చుని విస్తట్లో తినాలట, ఎవరూ చెయ్యి అందించకుండా లేచి వెళ్ళి చెయ్యి కడుక్కోవాలట. ఇప్పుడు రోజూ పొద్దున కాఫీ తాగేది నేల మీద పీట వేసుకునే. పీట మీంచి లేవడానికి ప్రస్తుతం ఒక చెయ్యి గోడకి ఆనిస్తోంది. పీట ఎత్తు తగ్గించి చాప మీదికి ఎప్పుడు దిగాలో ఫిజియో అబ్బాయిని అడగమని నిన్న ఫోన్లో నాకు పురమాయించింది. ఆదివారం రేపల్లె వెళ్తున్నాను. నాతోపాటు 25 కిలోల సన్నబియ్యం బస్తా, కొట్టు నుంచి ఆటో దాకా నేనే మోస్తాను.